పైడి మాటలు

సాయంత్రం ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు కూత వినబడగానే పైడితల్లి వీధిలోకి పరిగెత్తేది. తండ్రి గణపతిరావు అక్కడ రైలు పెట్టెలు బాగుచేసే క్యారేజీ షాపులో ఫిట్టరు. అతని సైకిలు న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్ల మలుపు తిరిగేదాకా ఆ పిల్ల ఎర్రమట్టిలో గెంతుతూ నిలబడేది. అక్కణ్ణించి ఇంటిదాకా సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని రావడం ఆమె హక్కు. నాలుగేళ్లు దాటిన పిల్ల, పగలంతా వాగుతూనే ఉండేది. "ఈ గుంటకి నోరు నొప్పెట్టదేటే?" అని నానమ్మ దాలమ్మ విసుక్కునేది గాని, ఆ వాగుడు వింటూ బియ్యం ఏరుకోవడమే ఆవిడకి ఇష్టం.

1958 వేసవిలో పైడికి జ్వరం వచ్చింది. మెడ కర్రలా బిగుసుకుపోయింది. రైల్వే ఆస్పత్రిలో మెదడు పొరలకి వాపు అన్నారు. నడుములోంచి నీరు తీశారు, సూదుల మీద సూదులు వేశారు. బతకదనుకున్న పిల్ల బతికింది. తల్లి గంగాభవాని మొక్కుకున్న దేవుళ్లందరికీ కొబ్బరికాయలు కొట్టి, పిల్లని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

మర్నాడు సాయంత్రం షాపు కూత వేసింది. పైడి వరండాలో వీధికి వీపు పెట్టి చింతగింజలు పేర్చుకుంటోంది. లేవలేదు. ఇంకా నీరసమేమో అనుకుంది భవాని. గణపతిరావు వచ్చాడు, బెల్లు కొట్టాడు, "పైడీ!" అని పిలిచాడు. పిల్ల గింజలు పేరుస్తూనే ఉంది. అతని నీడ గింజల మీద పడ్డాక తలెత్తి నవ్వింది.

భవాని లోపలికి వెళ్లి ఇత్తడి పళ్లెం తెచ్చింది. పిల్ల వెనక నిలబడి దాన్ని నేల మీద పడేసింది. గణపతిరావు ఉలిక్కిపడ్డాడు. పక్క క్వార్టరులో కుక్క మొరిగింది. పైడి ఒక గింజ తీసి ఇంకో వరసలో పెట్టింది.

"నరం పోయింది, వినికిడి తిరిగి రాదు" అన్నాడు ఆస్పత్రి డాక్టరు. కలకత్తాలో ఇలాంటి పిల్లలకి బడి ఉందనీ, అక్కడే ఉంచుకుని చదివిస్తారనీ, ఏడేళ్లు వచ్చాక తీసుకెళ్లమనీ చెప్పాడు. ఆ మాట ఇంట్లో చెప్పగానే దాలమ్మ లేచి నిలబడింది.

"సావు తప్పించుకున్న గుంటని తీసికెల్లి ఊరు కాని ఊర్లో పారేస్తారేటి? నా కంటంలో పేనం ఉండగా కుదరదు" అంది. అప్పటికి ఆ మాట అక్కడ ఆగిపోయింది.

మొదట్లో పైడి మామూలుగానే మాట్లాడింది, కాస్త గట్టిగా. "ఏటంతన్నావు? గట్టిగా సెప్పు!" అని అందరి మీదా కేకలేసేది. కొన్నాళ్లకి అడగడం మానేసింది. ఆ తర్వాత భవాని ఇంకో సంగతి గమనించింది. గుమ్మడికాయని పిల్ల "గుమ్మాయ" అంటోంది. సబ్బు "బూ" అయింది. కొబ్బరికాయ కావాలంటే వేలు చూపించి ఊరుకుంటోంది. వినబడని మాట నోట్లోంచి కూడా జారిపోతోంది. ఇలాగే వదిలేస్తే రేపో మాపో "అమ్మ" కూడా పోతుంది. 

భవాని టెక్కలి దగ్గర తమ ఊళ్లో అయిదో తరగతి దాకా చదువుకుంది. గోల్‌బజారుకి వెళ్లి పలకా బలపం కొనుక్కొచ్చి, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని అ, ఆ దిద్దించింది. పైడి చక్కగా దిద్దింది. అక్షరాలన్నీ వచ్చేశాయి. కానీ అవి ఆ పిల్లకి ముగ్గులే. 'అ'ని చూపించి భవాని నోరు తెరిస్తే పిల్ల కూడా నోరు తెరిచి, ఇక చాలా అన్నట్టు చూసేది. 'అ' అంటే ఏమిటో చెవిలేని మనిషికి ఎలా చెప్పడం? భవాని పలకని గూట్లో పెట్టేసింది.

దారి దొరికింది వంటింట్లో. ఉప్పూ పంచదారా ఒకేలాంటి డబ్బాల్లో ఉండేవి. ఒకరోజు ఉప్పు డబ్బా తెమ్మని సైగ చేస్తే పైడి పంచదార తెచ్చింది. భవాని వెనక్కి పంపింది. మళ్లీ అదే తెచ్చింది. విసుగొచ్చి భవాని రెండు డబ్బాలూ ముందు పెట్టుకుంది. ఒకదాని మీద సుద్దతో 'ఉప్పు' అని రాసి, చిటికెడు తీసి పిల్ల నాలిక మీద వేసింది. పైడి మొహం ముడిచి, "ఉప్పు!" అంది.

స్పష్టంగా అంది. చాలా నెలలుగా ఆ నోట్లోంచి రాని మాట అది. భవాని అక్షరాల కింద వేలు పెట్టింది. పైడి వాటిని చూసింది, డబ్బాలోకి తొంగిచూసింది, మళ్లీ అక్షరాలు చూసి, ఈసారి నెమ్మదిగా, "ఉప్పు" అంది. వెంటనే రెండో డబ్బా తల్లి వైపు తోసింది. దాని మీదా రాయమని.

ఆ సాయంత్రానికి తలుపు మీద తలుపు, గోడ మీద గోడ, మంచం కోడు మీద మంచం, బిందె మీద బిందె, అన్నీ సుద్ద అక్షరాల్లో ఉన్నాయి. గణపతిరావు ఇంట్లోకి వస్తూనే ఆగిపోయాడు.

"ఏటిది, గోడౌనులాగ?" అన్నాడు.

"సుద్ద అయిపోనాది. మీ షాపులో ఇనుం మీద గీసే సుద్దలుంటాయి కదండీ, ముక్కలేవైనా మిగిలితే అడిగి తెండి" అంది భవాని.

సుద్ద చెరిగిపోతుండడంతో ఆమె అట్టముక్కలకి మారింది. ఇందా పేటలో పాన్ దుకాణం నడిపే బెంగాలీ దాదా సిగరెట్ల అట్టపెట్టెలు పారేయకుండా గణపతిరావు కోసం ఉంచేవాడు. భవాని వాటిని కత్తిరించి, ముక్కకో మాట రాసి, పైడి ఒళ్లో పోసేది. ఏ ముక్క ఏ వస్తువుదో ఆ వస్తువు మీద పెట్టి రావాలి. పైడికి అంతకంటే పెద్ద ఆట లేదు. నానమ్మ కునుకు తీస్తుంటే వెళ్లి ఆవిడ పొట్ట మీద 'నానమ్మ' అట్ట పెట్టి వచ్చేది. పెడుతూ ప్రతి మాటా పైకి అనేది. తప్పు పలికితే భవాని పిల్ల చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుని ఆ మాట పలికి చూపించేది.

పక్క క్వార్టరులో సూసన్న ఉండేది. భర్త గార్డు. వాళ్లది గుంటూరు వైపు. ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పేది. ఒకరోజు ఆమె చెంబు మీది అట్ట చదివి నవ్వింది.

"సెంబు ఏంటమ్మా భవానీ? చెంబు అని రాయాలి. సెయ్యి కాదు, చెయ్యి. ఇప్పుడు తప్పు నేర్పితే తర్వాత దిద్దలేవు."

"అక్కా, దాని నోట్లో ఉన్నది సెంబే" అంది భవాని. "జొరం రాకముందు మేం ఆడిన మాటలే దానికి గురుతు. అవి పోకుండా పట్టుకుంతన్నాను. చెంబు అని రాస్తే అది ఎవులిదో మాట అవుతాది, దాంది కాదు."

సూసన్న వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆ సంగతే ఆలోచించి, ఒక మధ్యాహ్నం కొన్ని బొమ్మల కార్డులు తెచ్చింది. బొమ్మ కింద అచ్చులో మాట ఉంటుంది. చెంబు బొమ్మ కింద 'చెంబు' చూసి పైడి తల అడ్డంగా ఊపింది. సుద్ద తీసుకుని ఆ కార్డు మీదే 'చె' కొట్టేసి 'సె' అని రాసి, ఎవరు రాశారో గాని తప్పు రాశారు అన్నట్టు సూసన్న వైపు చూసింది. ఇద్దరు ఆడవాళ్లూ నవ్వాపుకోలేకపోయారు. తర్వాత సూసన్నే దారి కనిపెట్టింది. పలక మీద గీత గీసి ఒకవైపు 'ఇంట్లో సెంబు', ఇంకోవైపు 'పుస్తకంలో చెంబు' అని రాసింది. దాని కింద భవాని, 'ఇంట్లో నాన్న, షాపులో గణపతిరావు' అని రాసింది. పైడి రెండూ చదివి సరే అంది. అప్పట్నించి ఆ పిల్లకి ప్రతి మాటకీ రెండు బట్టలు, ఇంట్లోది ఒకటి, పైకి వెళ్లేటప్పటిది ఒకటి.

వస్తువుల పేర్లయ్యాక పనులు మొదలయ్యాయి. కూకో, లెగు, రా, తే, ఎక్కు. అట్ట చూపించగానే ఆ పని చెయ్యాలి. ఒకరోజు భవాని 'దాక్కో' చూపించింది. పైడి వెళ్లి మంచం కింద దూరింది. ఇక ఎంతకీ రాదు. పిలిస్తే వినబడదు. చివరికి భవాని 'రా' అని రాసి మంచం కిందికి తోస్తే, అది చదువుకుని తాపీగా బయటికి వచ్చింది.

చిక్కు వచ్చింది దాలమ్మతో. పైడి కూడా అట్టలు చూపించడం మొదలుపెట్టింది. 'నీళ్లు తే' అని నానమ్మ ముందు పెట్టేది. ఆవిడకి చదువు రాదు. "ఏటే ఇది?" అని అటూ ఇటూ తిప్పేది. నానమ్మ మాట వినడం లేదని పైడికి కోపం. అట్టని ఆవిడ ముక్కు దగ్గర ఆడించి కాలు నేలకేసి కొట్టేది.

"ఈ గీతలు నాకెందుకే? నోటితో అడగరాదా, నోరుంది గదా దానికి!" అని దాలమ్మ కోడలి మీద అరిచేది. నేర్పుదామని భవాని ఒకసారి పలక తీస్తే, "ఈ వయిసులో నాకు బడేటి" అని పలక పక్కకి నెట్టేసింది. కానీ పైడి వదిలే రకం కాదు. చేత్తో పట్టుకుని కుండ దగ్గరికి లాక్కెళ్లి 'నీళ్లు' చూపించేది. అలా ఆవిడకి నాలుగయిదు మాటలు అంటుకున్నాయి, అంతే.

ఇలా రెండేళ్లు గడిచాయి. పైడికి ఏడేళ్లు నిండవచ్చాయి. సాయంత్రాలు భవాని వరండా నేల మీద ఆ రోజు వార్త రాసేది. వార్త పైడిదే. పిల్ల చెప్తుంది, తల్లి అన్నది అన్నట్టు రాస్తుంది, పిల్ల చదువుతుంది. 'పిల్లి పాలు తాగేసినాది. నానమ్మ పిల్లిని తిట్టినాది. పిల్లికి సిగ్గు లేదు.' మర్నాడు ఉదయం నేల తుడిచేదాకా అది అక్కడే ఉండేది. వచ్చేపోయేవాళ్లు తొక్కకుండా అంగ వేసుకుని లోపలికి వచ్చేవారు.

ఒక ఆదివారం వరండాలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూర్చుని ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. పైడి కాసేపు వాళ్ల మొహాలు చూసి, లోపలికి వచ్చి తల్లి ముందు నిలబడింది.

"నానేటి సేసినాను?" అంది.

భవానికి అర్థం కాలేదు. భుజాలు ఎగరేసింది.

"ఆసుపత్రిలో సూదేసినప్పుడు డాక్టర్ని కరిసినాను. అందుకేనా? ఎవులూ నాతో మాటాడరు. నోళ్లు కదుపుతారు, నవ్వుతారు. నాతో మాత్రం మాటాడరు. ఇంకా కోపం పోలేదా?"

భవాని పొయ్యి మీది గిన్నె దించి పక్కన పెట్టింది. పిల్ల ఈ రెండేళ్లూ ఇది మనసులో పెట్టుకు తిరిగిందన్న సంగతి తలకెక్కడానికి ఆమెకి కొంచెంసేపు పట్టింది. సుద్ద తీసుకుని నేల మీద కూర్చుంది. మొదటి అక్షరం వంకర పోయింది. తుడిచి మళ్లీ రాసింది.

'మాటాడతన్నాం.'

"అబద్దం" అంది పైడి.

'అందరం మాటాడతన్నాం. నీకు ఇనబడదు. జొరానికి సెవులు పోనాయి. డాక్టరుకి కోపం లేదు. ఎవులికీ కోపం లేదు. నీ తప్పు కాదు.'

పైడి వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివింది. ఒకచోట ఆగింది. "ఇనబడదంటే?"

ఆ మాటని ఏ వస్తువు మీదా పెట్టి చూపించడం కుదరదు. భవాని ఇలా రాసింది: 'నానమ్మ ఎనక్కెల్లు. కేకెయ్యి.'

దాలమ్మ పెరటి గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతోంది. పైడి పిల్లిలా వెనక్కి వెళ్లి ఒక్క కేక పెట్టింది. దాలమ్మ "ఓలమ్మో!" అని ఎగిరిపడింది. చేటలో బియ్యం సగం నేలపాలయ్యాయి. పైడి పరిగెత్తుకొచ్చింది. భవాని అప్పటికే రాసి ఉంచింది: 'నీ ఎనకాల నానూ అరిసినాను. నువ్వు సూల్లేదు.'

ఆ రోజంతా పైడికి అదే పని. సూసన్న వెనక్కి వెళ్లి అరిచింది, సూసన్న చేతిలో దువ్వెన జారిపోయింది. వీధి మేక వెనక అరిచింది, మేక పారిపోయింది. మంచం మీద నిద్రపోతున్న తండ్రి తల దగ్గర అరిచింది. గణపతిరావు లేచి కూర్చుని భార్య వైపు చూశాడు. భవాని "ఒగ్గేయండి, అరవనీండి" అంది. సాయంత్రానికి పైడి గొంతు బొంగురుపోయింది. వచ్చి వరండా నేల మీద తల్లి పక్కన కూర్చుంది.

"అందరికీ ఇనబడతాది" అంది. ఆ తర్వాత, "నాకొక్కదానికే ఇనబడదా?"

దాలమ్మ అక్కడే కూర్చుని ఉంది, కొడుకూ ఉన్నాడు. భవాని సుద్ద తీసుకుని, అత్తగారి కళ్లముందే రాసింది: 'కాదు. కలకత్తాలో నీలాంటి గుంటలు ఉన్నారు. ఆలకి బడి ఉంది.'

గణపతిరావు వంగి చదివాడు. దాలమ్మ నేల మీది గీతలు చూస్తూ దీపానికి ఒత్తి చేసుకుంటోంది.

"కలకత్తా!" అంది పైడి గట్టిగా. "నాను సూస్తాను. నన్ను తీసికెల్లండి."

దాలమ్మ చేతిలో ఒత్తి ఆగిపోయింది. "ఏటి రాసినావే దానికి?" అని కోడలి మీదికి లేచింది. అరిచింది, ఏడ్చింది, అన్నం మానేసింది. గణపతిరావు తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, "సూసి వొచ్చేస్తాం అమ్మా. ఉండమని ఎవులూ అనడం లేదు" అని నచ్చజెప్పాడు. అతను అప్పటికి నిజంగానే అలా అనుకున్నాడు.

మరుసటి నెలలో హౌరా పాసింజరు ఎక్కారు. బడి పాత మేడ, ముందు పెద్ద ఆవరణ. వీళ్లని లోపలికి తీసుకెళ్లిన టీచరు నడివయసు బెంగాలీ ఆవిడ. వర్క్‌షాపులో నేర్చిన బెంగాలీతో గణపతిరావు ఆమెకి సంగతంతా చెప్పాడు. ఆమె పైడి చేతికి సుద్ద ఇచ్చి నల్లబల్ల చూపించింది. పైడి రాసింది: 'నా పేరు పైడితల్లి. మాది ఖరగ్‌పూర్.' పుస్తకంలో మాటలే రాసింది.

టీచరుకి తెలుగు రాదు. ఆ అక్షరాలని చాలాసేపు చూసి, "ఎవరు నేర్పారు?" అని అడిగింది. గణపతిరావు భార్యని చూపించాడు. టీచరు భవాని చెయ్యి పట్టుకుంది. "ఇక్కడ చదువు బెంగాలీలో. పిల్ల మళ్లీ మొదట్నించీ మొదలుపెట్టాలి. కానీ రాయడమంటే ఏమిటో పిల్లలకి చెప్పడానికే మాకు ఏళ్లు పడుతుంది, ఈ పిల్లకి అది తెలుసు" అంది. తరగతిలో చేతులు కదపనివ్వమనీ, నోటితోనే మాట్లాడాలనీ, బయట ఆటస్థలంలో మాత్రం పిల్లలు వాళ్లిష్టం వచ్చినట్టు ఉంటారనీ చెప్పింది.

పైడి అప్పటికే ఆటస్థలం వైపు వరండాలో నిలబడి ఉంది. కింద ఇద్దరు ఆడపిల్లలు తాడు కోసం దెబ్బలాడుకుంటున్నారు. ఒక్క కేక లేదు. చేతులూ కనుబొమలూ బుగ్గలూ తిట్టుకుంటున్నాయి. పైడికి ఒక్క తిట్టూ అర్థం కాలేదు గాని, పగలబడి నవ్వింది. వాళ్లలో పెద్దపిల్ల దగ్గరికొచ్చి, పైడి జడ పట్టుకుని లాగి, చేతులతో ఏదో అడిగింది. పైడి తెలుగులో, "మాది న్యూ సెటిల్‌మెంట్" అంది. ఆ పిల్ల పైడి పెదాలు చూసి, అరచెయ్యి ఆమె గొంతు మీద పెట్టి, కళ్లు పెద్దవి చేసింది. తర్వాత చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లింది.

మధ్యాహ్నం వరకూ పైడి కిందే ఉంది. తిరిగి వచ్చాక గణపతిరావు పలక తీశాడు. కూతురికి అతను ఎక్కువ రాసేవాడు కాదు, దస్తూరీ బాగుండదని సిగ్గు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాడు: 'ఉంటావా? ఇంటికెల్దామా?'

పైడి చదివి తల్లి వైపు చూసింది. తన మొహంలో ఏముంటే దాన్నే పిల్ల చదువుకుంటుందని భవానికి తెలుసు. ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది.

"ఉంటాను" అంది పైడి వెనకనుంచి. "సెలవలికి తీసికెల్లండి. నానమ్మకి సెప్పండి నాను ఏడవనేదని."

ఆ మాట అని అప్పుడు ఏడ్చింది.

ఇద్దరూ తిరుగు రైలెక్కారు. ఉలుబేరియా స్టేషను దాటాక భవాని, "దాని మాటలు పోకూడదని ఇంత సేసినాను. ఆ మాటల్తోటే ఎల్లిపోనాది" అంది.

"మాటలు లేకపోతే ఎత్తుకెల్లి ఒగ్గేసి వొచ్చేవోలం" అన్నాడు గణపతిరావు. "అడగడానికి ఉండేదికాదు. ఇప్పుడు అడిగినాం."

ఆమెకి అది ఓదార్పుగా అనిపించలేదు. 

దాలమ్మ చాలా రోజులు కోడలితో మాట్లాడలేదు. భవాని ఇంట్లో అట్టముక్కలు ఒక్కటీ తియ్యలేదు. ప్రతి శనివారం ఒక కార్డు ముక్క రాసి పోస్టు చేసేది. పైడి నుంచి జవాబు వచ్చేది, మొదట అంతా తెలుగులో, తర్వాత మధ్యలో ఒక బెంగాలీ మాటతో.

దసరా పూజ సెలవులకి గణపతిరావు వెళ్లి పైడిని తీసుకొచ్చాడు. కాస్త పొడుగైంది. నోటి మాట కొంచెం మొద్దుబారినా పోలేదు. కొత్తగా వచ్చింది ఆటస్థలంలో నేర్చిన చేతుల సందడి. అన్నం, నిద్ర, రేపు, దొంగ, పొగరుబోతు, అన్నిటికీ చేతుల్లో మాటలున్నాయి. భవాని వాటిని పట్టుకోలేక వెనకబడింది. వేళ్లు ఎటు తిప్పాలో మరిచిపోయి మళ్లీ మళ్లీ అడిగేది.

దాలమ్మకి మాత్రం ఒకసారి చూపిస్తే చాలు. వీధి కుళాయి దగ్గర జీవితమంతా చేతులు తిప్పుతూ మాట్లాడిన మనిషి. రెండోరోజుకల్లా మనవరాలితో తగవు కూడా పెట్టుకుంది. మధ్యాహ్నం భవాని గిన్నెలు కడిగి వరండాలోకి వచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చేతులు ఆడిస్తున్నారు. దాలమ్మ నడుం మీద చెయ్యి పెట్టి మూతి తిప్పింది. పైడి పడీపడీ నవ్వింది.

"ఏటంతన్నారు?" అంది భవాని.

"నీ గురించే" అంది దాలమ్మ.

"నా గురించి ఏటి?"

"నేర్సుకుంటే నీకే తెలుస్తాది. కూకో."

భవాని చీర కొంగుతో చేతులు తుడుచుకుని వాళ్ల పక్కన కూర్చుంది.